ముసరవ్యాధి చరిత్రము – సజీవటీకా ఋణము



మన సంఘ వార్షికమహాసభల సందర్భమున వెలువడు సంచికకు ఒక చరిత్రవ్యాసము వ్రాసి పంపవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ఇట్టి సంచికలలో పూర్వరాజుల శాసనములను, వంశవృక్షములను, గోత్రఋషులను గూర్చిన వ్యాసములే తఱచుగా కానవచ్చును. మేమును మొదట ఒడ్డాది మత్స్యవంశపు రాజుల కాలమునుండి మొదలిడుదమా యని తలపోసితిమి. కాని కలము పట్టినంతనే మాకొక సందేహము పొడమినది. రాజులు ఏలిరి, పోయిరి. శాసనములు చెక్కించిరి, అవి నిలిచియున్నవి. మన తాతముత్తాతలు బ్రతికినది ఆ శాసనములవలన కాదు. ఎడ్లవలన, ఆవులవలన, గేదెలవలన, గొఱ్ఱెలమందలవలన బ్రతికిరి. అట్టి పశువులను అనేకశతాబ్దములు వెన్నాడి, కడకు మన కన్నులయెదుటనే భూమండలమునుండి తొలగిపోయిన యొక మహావ్యాధి కథను మనవారికి ఎవ్వరును సమగ్రముగా చెప్పియుండలేదు. ఆ కథయు మన కులచరిత్రములో నొక యధ్యాయమేయని మా నమ్మకము.

మేము వైద్యులము కాము. సంస్కృతము చదివి, ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు శబ్దములును ధాతువులును చెప్పి విశ్రాంతి గైకొన్నవారము. అయినను పశువైద్యులను అడిగి తెలిసికొన్నంతవఱకు, గ్రంథములలో చూచినంతవఱకు, విషయమును విడమరచి చెప్ప యత్నించెదము. దోషములున్న పెద్దలు మన్నింతురుగాక.

మన ప్రాంతము, మన పశుసంపద

మాడుగుల తూర్పుకనుమల పాదమున నున్న యూరు. ఇచ్చటి కొండలలో పుట్టిన శారదానది మైదానమునకు దిగి అనకాపల్లి మీదుగా సముద్రమును చేరును. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ఈ ప్రాంతము అనకాపల్లి జిల్లాలో చేరినది గాని, అంతకుముందు విశాఖపట్టణము జిల్లాలోనిది. 1953 వఱకు మదరాసు ప్రభుత్వము క్రింద నుండెను. ఇతరప్రాంతములవారికి మాడుగుల యనగానే హల్వా స్ఫురించును. గోధుమపాలతోను నేతితోను చేయు ఆ హల్వా కీర్తిలో పశువునకును భాగము కలదని ఎవ్వరును తలపరు. చోడవరము, అనకాపల్లి వైపు చెఱకుతోటలు మెండు. చెఱకుగానుగను త్రిప్పినవి ఎడ్లు. బెల్లమును అనకాపల్లి బజారునకు బండ్లమీద చేర్చినవి ఎడ్లు. కావున శాలలో ఎద్దు కూలిన ఆ యింట దుక్కి నిలిచెడిది, గానుగ నిలిచెడిది, బండి నిలిచెడిది. అప్పు మాత్రము బయలుదేఱెడిది.

అట్టి శాలలకు యముని పాశమువంటిది ముసరవ్యాధి. దీనినే పెద్దరోగమనియు, పెద్దజాడ్యమనియు మనవారు పిలిచిరి. జర్మనుభాషలో పశువుల మారి యని యర్థమిచ్చు రిండర్‌పెస్టు అను పేరును ఆంగ్లవైద్యులు వాడిరి. పశువునకు మొదట తీవ్రజ్వరము వచ్చును. మేత మానును, నెమరు నిలుచును. కన్నులనుండి, ముక్కునుండి నీరు కారి, పిమ్మట అది చీమువలె చిక్కబడును. చిగుళ్లమీదను నాలుకక్రిందను తవుడు చల్లినట్లు పుండ్లు లేచును. తరువాత దుర్గంధముతో విరేచనములు పట్టి, ఒంటిలోని నీరంతయు పోయి, వారము పదిదినములలో పశువు నేల కఱచును. మైదానపు దేశవాళి పశువులలో కొన్ని తట్టుకొనెడివి. గేదెలును, కొండపశువులును, సీమజాతితో కలిసిన సంకరపశువులును త్వరగా పడిపోయెడివి.

మా మామ్మగారు ఈ కథను చెప్పునప్పుడు లెక్క చెప్పెడిది కాదు, పేర్లు చెప్పెడిది. గౌరి పోయినది, లచ్చి పోయినది, పుల్లావు పోయినది, దాని దూడ పోయినది, ఎఱ్ఱెద్దు పోయినది అని వ్రేళ్లు ముడుచుకొనుచు పోయి, తొమ్మిది కట్టుకొయ్యలున్న శాలలో రెండింటికే పలుపులు మిగిలినవని ముగించెడిది. ఆ మిగిలిన రెండును జోడెడ్లు కావు. ఒకటి ముసలియావు, ఒకటి పెయ్య. ఆ యేడు మా తాతగారు దుక్కికి పరుల యెడ్లను అడుగుకొన్నారు. అట్టి కథ చెప్పగల మామ్మ లేని యిల్లు మనలో అరుదని మేము తలంతుము.

ప్రాచీనుల యత్నములు

మన పూర్వులు పశువైద్యమును ఎఱుగనివారు కారు. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అశోకచక్రవర్తి తన రెండవ శిలాశాసనమున మనుష్యులకును పశువులకును వేర్వేఱుగా చికిత్స ఏర్పఱచితిననియు, ఓషధులు లేనిచోట్ల వాటిని నాటించితిననియు ప్రకటించెను. ఆ శాసనప్రతి మనకు ఉత్తరమున గంజాము జిల్లాలోని జౌగడయందును, దక్షిణమున కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడియందును కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున గోధ్యక్షుడను అధికారికి ప్రత్యేకముగా ఒక ప్రకరణము కలదు. పశువులను గుఱుతులు వేసి లెక్కించుట, బాలవృద్ధరోగిపశువులకు గోపాలకులు చికిత్స చేయుట, చనిపోయినదాని గుఱుతుగల చర్మమును తెచ్చి చూపుట అందు విధింపబడినవి. అగ్నిపురాణమునందు గవాయుర్వేదమను అధ్యాయము కలదు.

ఇవన్నియు ఉండియు ముసరవ్యాధి ఆగలేదు. ఏలయన, పుండునకు లేపనము కలదు, శూలకు కషాయము కలదు గాని, ఒక పశువు ముక్కుశ్వాసనుండి మఱియొక పశువు ముక్కునకు దాటు కంటికి కానరాని శత్రువునకు మందు లేకుండెను. నేటికిని ఆ జాతి వ్యాధులకు సూటియైన మందు లేదు, రాకుండ చేయుటయే మార్గము. మన పల్లెలవారు గ్రామదేవతకు మ్రొక్కుకొని, పొలిమేర కట్టి, కొన్నిదినములు పశువును ఊరు దాటనీయక, పొరుగూరి పశువును లోనికి రానీయక ఉండెడివారని పెద్దలు చెప్పుచుండిరి. మోదకొండమ్మతల్లిపై భక్తితో చేసిన ఆ కట్టుబాటులో గొప్ప వివేకము కలదు. ఈ వ్యాధిబీజము పశువు ఒంటిని విడిచి ఎండలో ఎక్కువకాలము బ్రతుకజాలదు. పశువును పశువునకు దూరముంచినచో గొలుసు తెగును. పొలిమేర కట్టుట వ్యాధిని కొంత నిలిపినది. కాని సంతకు పోక, బండి కట్టక ఊరు ఎన్నాళ్లుండగలదు?

పాశ్చాత్యులకును ఇదే గతి పట్టినది. 1713లో రోమునగరప్రాంతమున ఈ వ్యాధి చెలరేగినప్పుడు పోపుగారి వైద్యుడగు లాన్చీసి రోగపశువులను వధించి పాతిపెట్టుడనియు, పశువుల రాకపోకలను ఆపుడనియు ఉపదేశించెను. ప్రపంచమున మొదటి పశువైద్యవిద్యాలయము 1762లో ఫ్రాన్సుదేశపు లియోనునగరమున తెఱవబడుటకు ఈ వ్యాధియే ముఖ్యకారణము. 1890 తరువాతి సంవత్సరములలో ఆఫ్రికాఖండమున పశువులలో నూటికి ఎనుబదికి పైగా నశించి, వాటిపై బ్రతికిన జనులు కఱవుపాలైరి. 1920లో మనదేశపు ప్రాంతములనుండి బ్రెజిలునకు ఓడలో పోవుచున్న మూపురపుపశువులు బెల్జియము రేవులో దిగగా, వాటివెంట వ్యాధియు దిగినది. ఆ భీతివలననే 1924లో పారిసునగరమున అంతర్జాతీయ పశువ్యాధికార్యాలయము స్థాపింపబడినది.

ప్రయోగశాలల కథ

మనదేశమున ఆంగ్లప్రభుత్వము వేసిన పశుమారిసంఘము 1871లో తన నివేదికను సమర్పించెను. 1889లో పూనానగరమున ఇంపీరియల్ బాక్టీరియాలజికల్ లాబొరేటరీ మొదలైనది. అంటువ్యాధిబీజములతో జనముల నడుమ పనిచేయుట క్షేమము కాదని 1893లో దానిని హిమాలయపు కుమావూను కొండలలోని ముక్తేశ్వరమునకు తరలించిరి. లింగార్డు అను నాయన అందు మొదటి అధికారి. సుప్రసిద్ధుడగు రాబర్టు కోకు దక్షిణాఫ్రికాలో ఈ వ్యాధిపై పనిచేసి, 1897లో మనదేశమునకు వచ్చినప్పుడు ముక్తేశ్వరమునకు పోయి చూచెను. ఈ వ్యాధికి కారణము సూక్ష్మమైన వడపోతగుండ కూడ జాఱిపోవు బీజమని, అనగా నేడు వైరసని మనము పిలుచునదియని, 1902లో నికోలు, ఆదిల్‌బే అను నిరువురు కాన్‌స్టాంటినోపిలులో నిరూపించిరి.

మొదట దొరకిన సాధనము సీరము. వ్యాధి తగిలి కోలుకొన్న పశువు రక్తమునుండి తీసిన ద్రవమిది. దీనిని ఎక్కించిన పశువునకు వెంటనే రక్ష కలుగును గాని, ఆ రక్ష కొద్దిదినములే. అది ఎరువు సొమ్ము, స్వార్జితము కాదు. తరువాత ఒకప్రక్క సీరమును, వేఱొకప్రక్క రోగపశువు రక్తమును ఒకేమాఱు ఎక్కించు పద్ధతి వచ్చినది. దానివలన రక్ష చిరకాలము నిలిచెడిది. కాని అందు మూడు కష్టములు. నిజమైన వ్యాధిబీజమునే శాలలోనికి తెచ్చుట యొకటి. ఆ రక్తముతో పిడుదులవలన వచ్చు ఇతరరోగములును ఎక్కుట రెండవది. సీరపు ఖర్చు మూడవది.

ఇచ్చట ఒక చిత్రము జరిగినది. 1920 తరువాత ముక్తేశ్వరమునకు అధిపతియైన ఎడ్వర్డ్సు, ఆ పిడుదురోగముల బాధను తప్పించుకొనుటకై వ్యాధిబీజమును ఎడ్ల రక్తమున గాక మేకలలో పెంచజొచ్చెను. ఒక మేకనుండి మఱియొక మేకకు, దానినుండి వేఱొకదానికి మార్చుచు పోగా పోగా, ఆ బీజము మేక ఒంటికి అలవాటుపడి పశువులపై తన క్రౌర్యమును చాలవఱకు కోల్పోయినది. పశువునకు ఎక్కించిన కొంత జ్వరము వచ్చును గాని, దేశవాళి పశువు చావదు. ఆపైన దానికి పెద్దజాడ్యము రాదు. ఇదియే మేకటీకా. 1930 ప్రాంతమునుండి ఇది దేశమంతట వ్యాపించినది. మదరాసు రాజధానిలో 1932లో రాణిపేటయందు సీరము టీకాలు చేయు సంస్థ నెలకొన్నది. ఆనాడు మన విశాఖపట్టణము జిల్లా ఆ రాజధానిలోనిదే.

మేకటీకాకు నొక లోపము కలదు. దేశవాళి పశువునకు తగిన ఆ బీజము గేదెలకును, కొండజాతులకును, సంకరపశువులకును ఒకప్పుడు దుస్సహమగుచుండెను. అట్టివానికై కొరియాలో నకమురా అను జపానుశాస్త్రజ్ఞుడు కుందేళ్లలో పెంచి మెత్తబఱచిన టీకా వచ్చినది. కడకు 1960 ప్రాంతమున కెన్యాదేశములో వాల్టరు ప్లోరైటు అను ఆంగ్లపశువైద్యుడు బీజమును జీవించియున్న జంతువులో గాక, దూడ మూత్రపిండపు కణములను గాజుపాత్రలో పెంచి, వానియందు తొంబదితరముల వఱకు మార్చి మార్చి, ఏ జాతి పశువునకైనను హానిచేయని టీకాను సాధించెను. ఒక్కమాఱు వేసిన జీవితకాలము రక్ష. టీకా పొందిన పశువునుండి ఆ బీజము పొరుగుపశువునకు దాటదు. ఆయనకు 1999లో ప్రపంచాహారపురస్కారము లభించినది.

టీకా యెట్లు రక్షించును

సంస్కృతమున టీకా యనగా మూలగ్రంథమునకు వ్యాఖ్య. వైద్యుల టీకా వేఱు. అది బొట్టు, గుఱుతు అను నర్థముగల హిందీపదము. ఆంగ్లమున వాక్సినను మాటయో, ఆవు అను నర్థముగల లాటినుపదమునుండి పుట్టినది. 1796లో జెన్నరు ఆవుమశూచిని ఎక్కించి మనుష్యుని మశూచినుండి కాపాడుటచే ఆ పేరు వచ్చినది. ఆవు మనకిచ్చిన విద్యను మరల ఆవునకే వినియోగించితిమి.

ముసరబీజము పశువు ముక్కుద్వారమున ప్రవేశించి, గొంతుప్రక్కల గ్రంథులలో మొదట పెరిగి, రక్తముతో ఒడలంతయు వ్యాపించును. ఒంటిని కాపాడు తెల్లకణములనే అది మొదట నాశనము చేయును. కావలివానిని చంపి ఇల్లు దోచు దొంగవంటిది. అందుచే లోన నణగియున్న ఇతరరోగములును అదే సమయమున తలయెత్తును. మన పిల్లలకు వచ్చు తట్టు, అనగా పొంగు, ఈ బీజమునకు దగ్గఱచుట్టము.

చంపిన బీజముతో చేసిన టీకా శత్రువు చిత్రపటమును చూపుటవంటిది. సజీవటీకా, కోఱలు తీసిన పామును ఇంటిలో విడుచుటవంటిది. ఆ బలహీనబీజము గ్రంథులలో నిజముగా పెరుగును. దానిని చూచి తెల్లకణములు రెండు విధముల సైన్యమును సిద్ధపఱచును. ఒకటి రక్తములో తిరుగు యాంటీబాడీలు. ఇవి బీజమును కణములలో చొరకుండ అడ్డగించును. రెండవది బీజము చొచ్చిన కణమును గుర్తించి నశింపజేయు కణములు. యుద్ధము ముగిసిన పిమ్మట కొన్ని కణములు ఆ శత్రువు రూపును జ్ఞాపకముంచుకొని చిరకాలము నిలుచును. మఱల ఎన్నియేండ్లకు నిజశత్రువు వచ్చినను ఆ స్మృతి మేల్కొనును.

దూడల విషయమున మాత్రము ఒక మెలకువ కావలెను. మనుష్యశిశువువలె గాక, దూడకు గర్భమునందు తల్లినుండి యాంటీబాడీలు రావు. పుట్టిన తరువాత ముర్రుపాలతోనే వచ్చును. తొలిదినము దాటిన పిమ్మట దూడప్రేగులు వానిని గ్రహింపజాలవు. మాయ పడువఱకు దూడకు పాలు విడువరాదని మన పల్లెలలో కొందఱు పట్టుపట్టుదురు. కొందఱు ముర్రుపాలన్నియు జున్నునకు పిండుకొందురు. ఇది దూడ నోటికాడి కవచమును లాగుకొనుటయే. పుట్టిన గంట రెండుగంటలలోనే దూడకు ముర్రుపాలు దక్కవలెను. అయితే తల్లియిచ్చిన ఈ రక్షయే కొన్నినెలలవఱకు సూదిటీకాలోని సజీవబీజమును కూడ అణచివేయును. కావుననే లేతదూడకు టీకా వేసినను ఆ వయస్సు దాటిన తరువాత మఱల వేయవలసివచ్చెడిది. ఇతరశ్వాసవ్యాధులకు పాశ్చాత్యదేశములలో ఈ చిక్కును తప్పించుకొనుటకై సజీవటీకాను దూడ ముక్కులోనే చిలుకుదురు. అచ్చట ముక్కుపొరయందే కావలి ఏర్పడును, రక్తములోని తల్లిరక్ష దానికి అంతగా అడ్డు రాదు.

సజీవటీకా ఉన్నంతనే ప్రతివ్యాధియు తొలగునని తలపరాదు. మనదేశమున 1976లో మొదట వెల్లడియైన ఐ.బి.ఆర్. అను శ్వాసవ్యాధి యున్నది. దాని బీజము కోలుకొన్న పశువు ముఖనాడులలో జీవితాంతము దాగి, పశువు నలిగినప్పుడు మఱల బయటపడును. ముసరబీజమునకు ఆ దాపరికము లేదు. పశువు చచ్చిపోవును, లేదా శాశ్వతరక్షతో కోలుకొనును. ఊరూరికి వేషము మార్చుటయు దానికి రాదు, ఒక్క టీకా ప్రపంచమంతటికి చాలును. పట్టుకొనుటకు వీలైన దొంగ యిది. ఇక కావలసినది ఊరందఱును కలిసి పట్టుకొనుటయే.

మా యింటి కథ

1954లో ప్రయోగరూపమున మొదలైన జాతీయ ముసరనిర్మూలనప్రణాళిక రెండవ పంచవర్షప్రణాళికాకాలమున దేశవ్యాప్తమైనది. నూటికి ఎనుబది పశువులకు టీకా వేయవలెనని సంకల్పము. మంచుగడ్డలలో పెట్టిన ఫ్లాస్కులు భుజమున వేసికొని టీకాలవారు కాలినడకను, సైకిళ్లమీదను ఊరూర తిరిగిరి. కలిపిన మందు కొన్నిగంటలలో చెడిపోవును గనుక, ఒక యూరివారు పశువులను తోలుకొని రాకున్న ఆనాటి మందంతయు మట్టిపాలే.

1968 ప్రాంతమున, మాకు ఎనిమిది తొమ్మిదేండ్ల యీడున, మా యూరికి టీకాలవారు వచ్చుచున్నారని ముందటిదినమే తెలిసినది. సూది వేసిన చూడియావు ఈచుకుపోవుననియు, పాలు ఎండుననియు ఊరిలో మాట పుట్టినది. ఆ భయమునకు ఆధారము లేకపోలేదు. ఆ కాలమున ఊళ్లలో నడచినది చాలవఱకు మేకటీకాయే. దానివలన జ్వరము వచ్చి నాలుగుదినములు పాలు తగ్గిన పశువులు కలవు. మా తండ్రిగారు ఆ రాత్రియే లాంతరు మా చేతికిచ్చి, జోడెడ్లను, చూడియావును, రెండు దూడలను కొండవాలున నున్న పాడుశాలకు తోలించిరి. రెండుదినములు మేము అచ్చటనే దాగితిమి. మాకది పండుగవలె నుండెను.

మఱునాడు మా వీధి చివర కాపురమున్న యొక పేదయింటివారు, మన కులమువారు కారు, తమకున్న ఒక్కగేదెను మొదట తెచ్చి నిలిపిరని తరువాత విన్నాము. వారిని చూచి తక్కినవారును తెచ్చిరి. ఆ గేదెకు మూడుదినములు జ్వరము వచ్చినది, కోలుకొన్నది. ఆ తరువాత మా యూరికి పెద్దజాడ్యము రాలేదు. మా పశువులును బ్రతికినవి. మా తండ్రిగారు తమ యుక్తియే ఫలించినదని బ్రతికినన్నాళ్లు మురిసిరి. మేమును అట్లే నమ్మితిమి.

అది యుక్తి కాదు, అప్పు అని మాకు తెలియుటకు నలుబదియేండ్లు పట్టినది. చుట్టునున్న పశువులకెల్ల రక్ష కలిగియుండగా వ్యాధిబీజమునకు మా శాలవఱకు వచ్చుటకు మెట్టు దొరకలేదు. మా యెడ్లను కాపాడినది కొండవాలు కాదు. ఆ పేదవారి గేదె పడిన మూడుదినముల జ్వరము. అందఱును మా తండ్రిగారివలె యుక్తిపరులే యైనచో, మా మామ్మగారి వ్రేళ్లలెక్క మాకును తప్పెడిది కాదు. తండ్రిని తప్పుపట్టుటకు ఈ మాట వ్రాయుట లేదు. ఆయన భయము మా తాతగారి శాలలో పుట్టిన భయము. కాని పితృఋణమున తండ్రి చేసిన యప్పును ఒప్పుకొనుటయు చేరియున్నదని మేము చదువుకొన్నాము.

అంతము

టీకాలవలన వ్యాధి చాలవఱకు అణగినను, దక్షిణాపథమున మాత్రము మూలమూలల నిలిచియే యుండెను. 1992లో ఐరోపాదేశముల సహాయముతో జాతీయనిర్మూలనప్రణాళిక మఱల కొత్తగా మొదలైనది. ఊరూరను, సంతలను, పశువులు నడచు దారులను, పశువైద్యశాలల దినచర్యపుస్తకములను వెదకిరి. మేకలలో గొఱ్ఱెలలో కనబడుచుండిన ముసరవంటి వ్యాధి వేఱని కూడ ఈ కాలముననే తేలినది. అది పి.పి.ఆర్. అనియు, మనవారు చెప్పు పారుడురోగమనియు, 1987లో తమిళనాడులోని అరసూరు గ్రామమున మొదట గుర్తింపబడినది. ఈ రెండింటిని వేఱుపఱచనిదే నిర్మూలనము జరిగినదని చెప్పుటకు వీలులేకుండెను.

మనదేశమున కడపటి ముసరవ్యాధి 1995లో తమిళనాడున కనబడినది. అటుపిమ్మట అన్నింటికంటె కఠినమైన కార్యము వచ్చినది. అది టీకాను ఆపుట. టీకావలన కలిగిన యాంటీబాడీలును, వ్యాధివలన కలిగినవియు రక్తపరీక్షలో ఒక్కటిగనే కనబడును. టీకా వేయుచున్నంతకాలము బీజము ఎచ్చటనైన దాగియున్నదో లేదో తెలియదు. ఇన్నియేండ్లు రక్షించిన కవచమును విప్పి, శత్రువు లేడని నిరూపింపవలెను. 1998 మార్చినుండి భారతదేశము తాత్కాలికముగా వ్యాధిరహితమని ప్రకటించుకొన్నది. 2004లో వ్యాధిరహితముగను, 2006లో బీజరహితముగను అంతర్జాతీయకార్యాలయము ఒప్పుకొన్నది. ప్రపంచమున కడపటి సారి 2001లో కెన్యాలోని అడవిదున్నలలో అది కనబడినది. 2011 మే 25వ తేదీన పారిసులోను, జూను 28వ తేదీన రోములోను, ముసరవ్యాధి భూమిపై లేదని ప్రకటించిరి. మనుష్యుల మశూచి తరువాత నరుడు పూర్ణముగా నిర్మూలించిన రెండవ వ్యాధి ఇదియే.

ఆ దినమున ఏ పల్లెలోను మేళము మ్రోగలేదు. రానిదానిని గూర్చి ఎవ్వరు పండుగ చేయుదురు? శాలలో పశువు చావకుండుట చరిత్రకారునికి కానరాదు. అందుచేతనే మేము దీనిని వ్రాసితిమి.

నేటి కర్తవ్యము

కులబాంధవులారా! ముసర పోయినది గాని దాని చుట్టములు పోలేదు. గొఱ్ఱెలను మేకలను పీడించు పారుడురోగము ముక్కు కార్చి, ఊపిరితిత్తులు చెఱచి, విరేచనములు పట్టించి చంపును. దానికి ముక్తేశ్వరమునందే తయారైన సజీవటీకా కలదు. 2030 నాటికి దానిని లోకమునుండి తొలగింపవలెనని 2015లో ప్రపంచసంస్థలు సంకల్పించినవి. 2019లో మన పొరుగుననున్న ఒడిశాలో లంపీచర్మవ్యాధి మొదట అడుగిడి, 2022లో పశ్చిమరాష్ట్రములలో వేలకొలది పశువులను కూల్చినది. దోమలు, ఈగలు మోయు ఆ వ్యాధికి మేకమశూచి సజీవటీకాను వాడి అడ్డుకొనిరి.

టీకాలవారు వచ్చినదినమున పశువులను దాచువారు నేటికిని కలరు. పాలు తగ్గునని, ఆనాడు సంత యున్నదని, పొరుగువారు వేయించుకొన్న చాలునని వారి సాకులు. ఈ కడపటి సాకు మా తండ్రిగారి కొండవాలుశాలయే. అందఱును పొరుగువానినే నమ్మినచో పొరుగువాడెవ్వడు?

కావున మా విన్నపము మూడే మాటలు. దూడకు తొలిగంటలలో ముర్రుపాలు విడువుడు. టీకా దినమున మందలోని చివఱిపశువువఱకు తోలుకొని రండు. ఒక్కపశువున్న పేదయింటివారికి ఆనాటి కూలి పోవునెడల, స్తోమతుగల మనవారు ఆ కూలిని భరింపుడు. ఆ యింటివారు ఏ కులమువారని అడుగకుడు. వ్యాధిబీజము అడుగలేదు. మా శాలను కాపాడిన గేదెయు అడుగలేదు. సంఘమునకు ఉదారముగా విరాళములిచ్చు పోషకమహాశయులు, వసతిగృహములతోపాటు మన గ్రామములలో టీకాల దినములకు కావలసిన నీడపందిరి, నీటితొట్టి, పశువులను నిలుపుటకు కఱ్ఱలబోను కట్టించినచో, అది మన పూర్వుల పేర ఇచ్చిన గోదానమునకు తీసిపోదు.

వీధి చివర ఆ యింటివారు నేడు లేరు. వారి పిల్లలు ఏ పట్టణమునకు పోయిరో. ఆ ఋణమును మేము వారికి నేరుగా తీర్పజాలము. రాబోవు టీకాదినమున మా శాలలోని రెండు పెయ్యలను అందఱికంటె ముందుగా నిలిపి తీర్పదలచితిమి. తాము కూడ అట్లే చేయుదురని ఆశించి, మోదకొండమ్మతల్లి మన పాడిని పంటను చల్లగా చూచుగాక యని ప్రార్థించి విరమించుచున్నాము.

శుభమ్.